గాలిరెక్క – దాని యర్థము, ప్రయోజనము



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము రెక్క. పక్షి రెక్కను గూర్చి కాదు. మనుష్యుడు తన పనులకొఱకు చేసికొన్న రెక్కను గూర్చి. ఇది చాల చిన్న వస్తువు. ఒక రేకు ముక్క కావచ్చును, ఒక యీక కావచ్చును, వంచిన యినుప పలక కావచ్చును. అయినను గాలి యే దిక్కునుండి వచ్చుచున్నదో చెప్పునది యిదియే. బాణమును గుఱి తప్పకుండ నిలుపునది యిదియే. మన బావిలోని నీటిని పైకి నెట్టునదియు, రామగుండమున విద్యుత్తును పుట్టించు చక్రమును త్రిప్పునదియు నిదియే. ఇన్ని విధముల రెక్కలలో మన పల్లెలకు అన్నిటికంటె చౌకగా దొరకునది, అన్నిటికంటె తక్కువగా వాడబడుచున్నది, గాలిదిక్కు తెలుపు రెక్క. దానిని నిర్లక్ష్యము చేయుటవలన పంటకును, ఇంటికిని, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకును ముప్పు వచ్చుచున్నది. ఆ సంగతి మీకు విన్నవించుటయే నా ముఖ్యోద్దేశము.

మొదట మాటను విచారింతము. తెలుగున రెక్క యను మాటకు అర్థములు పెక్కు. పక్షికి రెక్కలు; పూవునకు రెక్కలు; తలుపునకు రెండు రెక్కలు; మనుష్యుని భుజము మొదలుకొని చేయి కూడ రెక్కయే. కూలిపని చేసి బ్రతుకువాడు "రెక్కాడితే గాని డొక్కాడదు" అనును. ఇంటి కప్పునకు వ్రేలాడు విద్యుత్తు పంకాకు రెక్కలు. బావిలో దించిన పంపు లోపల కంటికి కనబడని రెక్కలు. ఇన్నిటికిని సమానమైన లక్షణ మేది? ఒకవైపు పట్టు, ఇంకొకవైపు వెడల్పయిన పలుచని భాగము. ఆ వెడల్పు భాగమును గాలిగాని నీరుగాని త్రోసినప్పుడు పట్టు చుట్టు రెక్క తిరుగును. లేదా పట్టును మనము త్రిప్పినప్పుడు రెక్క గాలినిగాని నీటినిగాని త్రోయును. రెక్కను గూర్చిన శాస్త్రమంతయు ఈ రెండు వాక్యములలో నున్నది.

రెక్క చేయు పనులు మూడు. ఒకటి నిలుపుట, రెండవది చెప్పుట, మూడవది త్రిప్పుట.

నిలుపు రెక్కకు బాణమే నిదర్శనము. ఆదిలాబాదు అడవులలోని గోండు, కోలాము గూడెముల పెద్దలకు విల్లంబులను గూర్చి నేను చెప్పవలసిన దేమియు లేదు. బాణమునకు ములికి ముందుండును, ఈకలు తోకయందుండును. ములికి బరువైనది, చిన్నది. ఈక తేలికయైనది, వెడల్పయినది. ఎగురుచున్న బాణము కొంచెము ప్రక్కకు ఒరిగినచో, ఎదురుగాలి వెడల్పయిన యీకను పట్టి త్రోయును. తోక మరల వెనుకకు వచ్చును. ములికి మరల గుఱికి ఎదురగును. ఈక లేని బాణము దూరము పోకముందే అడ్డము తిరుగును.

ఆ యీకను ఒకసారి చేతబట్టి చూడుడు. నడుమ ఈనె, ఇరుప్రక్కల సన్నని పోగులు. ఆ పోగులు ఒకదానిని ఒకటి మిక్కిలి సన్నని కొక్కెములతో పట్టుకొని యుండును. పోగులను విడదీసి, మరల రెండు వ్రేళ్ల నడుమ క్రిందినుండి పైకి దువ్వినచో అవి మొదటివలె అతుకుకొనును. పక్షి తన ముక్కుతో రెక్కలను సవరించుకొనుట యిందుకొఱకే. గాలి చొఱరాని పలక, ఐనను దూదివలె తేలిక. ఇట్టి రెక్కను ఏ కమ్మరియు, ఏ వడ్రంగియు నేటివఱకు చేయలేదు.

ఇక చెప్పు రెక్క. బాణమును నేలపై నొక కఱ్ఱకొనను, తిరుగుటకు వీలుగా నిలిపినచో అదే గాలిరెక్క యగును. గాలి తోకను త్రోయును. మొన గాలికి ఎదురు తిరిగి నిలుచును. గాలి పడమటినుండి వచ్చినచో మొన పడమటిని చూపును. మన భాషలోను పద్ధతి యిదే. పడమటిగాలి యనగా పడమటినుండి వచ్చు గాలి. కాని ఒక సంగతి గుర్తుంచుకొనవలయును. జెండా గుడ్డయు, పొయ్యిపొగయు గాలి పోవు దిక్కును చూపును. రెక్క మొన గాలి వచ్చు దిక్కును చూపును. రెండును సత్యమే చెప్పుచున్నవి గాని, ఈ భేద మెఱుగనివాడు రెండింటిని చూచి తికమకపడును.

ఈ సాధనము ప్రాచీనమైనది. గ్రీసు దేశమున ఏథెన్సు నగరములో క్రీస్తునకు పూర్వము కట్టిన ఎనిమిది ముఖముల గోపురమొకటి నేటికిని నిలిచియున్నది. దానిని గాలుల గోపురమందురు. ఎనిమిది ముఖములమీదను ఎనిమిది గాలుల విగ్రహములు చెక్కిరి. శిఖరమున కంచుతో చేసిన సముద్రదేవత విగ్రహము గాలికి తిరుగుచు, చేతి కోలతో ఆ గాలి విగ్రహమును చూపుచుండెడిది. పిమ్మట ఐరోపాఖండమున చర్చి శిఖరములమీద రేకు కోడిపుంజులను నిలుపు నాచారము వ్యాపించెను. ఆ కోడిపుంజునకు తోక వెడల్పుగా నుండుటచే తల గాలికి ఎదురు తిరుగును. మనకును ఎనిమిది దిక్కులు కలవు, ఎనిమండ్రు దిక్పాలకులు కలరు. వాయుదేవుడు వాయవ్యమున కధిపతి. మన వేసవిలో ఒడలు మాడ్చు వడగాలి తఱచుగా ఆ వాయవ్యపు దెసనుండియే వచ్చుట మీ రందఱు ఎఱిగినదే.

భారతదేశమున వాతావరణ శాఖ 1875 సంవత్సరమున స్థాపింపబడెను. ఆ శాఖవారి పరిశీలన కేంద్రములు మన ప్రాంతమున ఆదిలాబాదునను, రామగుండమునను కలవు. అట్టి కేంద్రములలో గాలిరెక్కను సుమారు 10 మీటర్ల, అనగా 33 అడుగుల యెత్తున నిలుపుట నియమము. నేలకు దగ్గరగా గాలి ఇండ్లను, చెట్లను, గట్లను తగిలి త్రోవ మార్చుకొనును గాన ఆ యెత్తు అవసరమైనది.

ఆ కేంద్రములు రెండు మూడు పట్టణములకు మాత్రమే పరిమితము. 2016 లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట పూర్వపు ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలాయెను. పూర్వపు కరీంనగరు జిల్లాయు నట్లే పలు భాగములాయెను. ఎన్ని జిల్లాలయినను, సహ్యాద్రి కొనలవంటి ఆ గుట్టల నడుమ, గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగ లోయలలో, ఒక్కొక్క యూరి గాలి ఒక్కొక్క తీరుగా నుండును. గుట్టకు ఈవలి యూరిలో పడమటిగాలి వీచుచుండగా ఆవలి యూరిలో అది లోయవెంట మలగి ఉత్తరపు గాలిగా తోచవచ్చును. ఊరి గాలిని ఊరి రెక్కయే చెప్పవలయును.

మన పెద్దలకు గాలి చూచుట తెలియదని నే ననుట లేదు. కల్లము వద్ద తూర్పార పట్టుటకు ముందు పిడికెడు పొట్టును పైకి విసరి, అది యెటు పడునో చూచి, పిమ్మట నిలువవలసిన చోటు నిర్ణయించు వృద్ధులను నేను పలుమాఱులు చూచితిని. గింజ బరువుచే దగ్గరగా రాలును, పొట్టు తేలికచే దూరముగా పోవును. గాలి మందముగా, నిలుకడగా నుండవలయును. నడుమ దిక్కు మారినచో పొట్టు వచ్చి మరల గింజలో కలియును. ఇది యంతయు వారికి కరతలామలకము. నేడు ధాన్యపు కొనుగోలు కేంద్రములందు మరపంకాలతో తాలు తీయుచున్నారు. అచ్చట గాలి రెక్కను త్రిప్పుట లేదు, రెక్కయే గాలిని పుట్టించుచున్నది. పని సులభమైనది, మంచిదే. కాని పని మారుటతో గాలిని చూచు నలవాటు కూడ తగ్గెను. ఆ యలవాటు తగ్గిన కాలముననే గాలిని చూడవలసిన క్రొత్త పనులు మనకు వచ్చిపడినవి. వానిలో మొదటిది చేలకు పురుగుమందు చల్లుట.

ఆదిలాబాదు నల్లరేగడి భూములలో పత్తియే ప్రధానమైన పంట. పత్తికి మందు చల్లని రైతు అరుదు. పెన్‌గంగకు ఆవలి యొడ్డున మహారాష్ట్రలోని యవత్మాలు జిల్లా కలదు. అచ్చటి నేలయు మన నేలయు ఒకటే, పంటయు ఒకటే. 2017 సంవత్సరమున ఆ జిల్లాలో పత్తిచేలకు మందు చల్లుచు, ఆ మందునే పీల్చి, సుమారు ఇరువదిమంది రైతులును కూలీలును మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. ఆ యేడు పత్తి మనిషి యెత్తు పెరిగెనని, మందుల పాళ్లు హెచ్చెనని, ముఖమునకు కప్పు లేకుండ చల్లిరని, కారణములు పెక్కు చెప్పబడినవి. అవి యన్నియు విచారింపదగినవే. కాని యెత్తైన చేనిలో నిలిచి చల్లువాని ముఖముమీదికి మందు తుంపరను తెచ్చునది గాలియే గదా! గాలికి ఎదురుగా నడచుచు చల్లువాడు తాను చల్లిన విషమును తానే త్రాగుచున్నాడు.

ఇందుకు నియమము సులభము. గాలి పడమటినుండి వీచుచున్న దనుకొందము. అప్పుడు చేనికి తూర్పు అంచున మొదలు పెట్టవలయును. ఉత్తర దక్షిణములుగా, అనగా గాలికి అడ్డముగా, సాలువెంట నడువవలయును. ఒక సాలు ముగిసిన పిమ్మట పడమటివైపున నున్న తరువాతి సాలునకు పోవలయును. ఇట్లు చేసినచో తుంపర యెల్లప్పుడు చల్లిన భాగముమీదికే పోవును. చల్లువాడు శుభ్రమైన గాలిలోనే యుండును. చెట్ల ఆకులు మెల్లగా కదలునంత గాలి యున్నప్పుడు చల్లుట మంచిది. కొమ్మలూగు గాలి యున్నప్పుడు చల్లరాదు. గాలి బొత్తిగా స్తంభించిన వేకువ వేళను కూడ జాగ్రత్త వలయును. అప్పుడు సన్నని తుంపర పైకి పోక, ప్రక్కకు పోక, చేనిమీదనే మంచువలె నిలిచిపోవును.

నష్టము చల్లువానితోనే ముగియదు. ప్రక్క చేనిలో కలుపు తీయుచున్న స్త్రీలు, గట్టున మేయుచున్న పశువులు, కప్పు లేని బావి, తేనెటీగలు, ఇవన్నియు గాలి క్రిందివైపున నుండవచ్చును. కలుపుమందు గాలికి కొట్టుకొనిపోయి పొరుగువాని పైరు మాడినచో ఊరిలో తగవు పుట్టును. ఆ తగవు తీర్చుటకు పెద్దమనుషులైన మీయొద్దకే వత్తురు. ఆ దినమున గాలి యే దిక్కున వీచెనో తెలుపు గుర్తు ఊరిలో నున్నచో, ఆ తగవులలో సగము పుట్టకముందే పోవును.

రెండవది నిప్పు. పత్తికట్టెను, వరికొయ్యలను తగులబెట్టు నలవాటు ఇంకను పోలేదు. అది నేలకు మేలు చేయదు, మానుటయే యుత్తమము. వేసవిలో ఇప్పపూవు ఏరుటకు చెట్టు క్రింది యాకులకు నిప్పు పెట్టుటయు అడవి యంచు గ్రామములలో కలదు. కవ్వాలు అడవి 2012 లో పులుల సంరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడినది. అచ్చట ఒక్క నిప్పురవ్వ చేయు కీడు అడవికి మాత్రమే కాదు, అడవిని నమ్మిన గూడెములకు కూడ. నిప్పు గాలి వాలున మిక్కిలి వేగముగా పోవును. గుట్ట యెక్కునప్పుడు మఱింత వేగముగా పోవును. గాలి క్రిందివైపున గడ్డివాములు, పత్తి నిలువలు, పూరిండ్లు ఉన్నప్పుడు పొయ్యి నిప్పునైనను బయట వేయరాదు. పూర్వము ఊరిలో ఇల్లంటుకొన్నప్పుడు, గాలి పోవు దిక్కున నున్న యిండ్ల కప్పులను ముందుగా తడుపుడని చెప్పు వృద్ధు లుండెడివారు. అది వట్టి యనుభవము కాదు, శాస్త్రము.

మూడవది విషవాయువు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలు నగరములో కర్మాగారమునుండి వెలువడిన విషవాయువు గాలివాలున బస్తీలమీదికి పోయెను. వేలకొలది జనులు మరణించిరి. ఎటు పోవలయునో చెప్పువారు లేక చీకటిలో జనులు తోచిన దిక్కునకు పరుగెత్తిరి. మన తెలుగునేలలో 2020 మే 7వ తేది తెల్లవాఱుజామున విశాఖపట్టణము కడ వెంకటాపురము జనులు ఒక రసాయన కర్మాగారపు ఆవిరికి లోనైరి. రామగుండమున నేడు ఎరువుల కర్మాగారము కలదు. ఎరువు తయారగుటకు అమ్మోనియా వాయువు కావలయును. అమ్మోనియా నిలువ యుండు చోట్ల యెత్తైన స్తంభమునకు రంగుగుడ్డతో కుట్టిన పొడవైన సంచిని కట్టుట పరిపాటి. విమానములు దిగు మైదానములలోను అట్టి సంచి యుండును. అది అలంకారము కాదు. అది గుడ్డతో చేసిన గాలిరెక్క. సంచి తోక యెటు పోవుచున్నదో వాయువు అటు పోవును. అట్టి యాపద యెప్పుడైన వచ్చినచో గాలితో పాటు పరుగెత్తరాదు. వాయువునకు ఎదురుగాను పోరాదు. గాలికి అడ్డముగా, ప్రక్కకు తొలగవలయును. అమ్మోనియా నీటిలో సులభముగా కరగును గాన తడిగుడ్డ ముక్కునకు అడ్డము పెట్టుకొనుట మేలు. ఇట్టి దినము రాకూడదనియే మన ప్రార్థన. అయినను తెలిసియుండుట తప్పు కాదు.

నాల్గవది వాన. గాలిరెక్క వానను తేజాలదు. రేపటి వానను తప్పక చెప్పునని నమ్ముటయు సరికాదు. కాని రెండు గుర్తులు చెప్పగలదు. వైశాఖ మాసమున అకాలపు మబ్బు కమ్మునప్పుడు మొదట గాలి మబ్బువైపునకు మెల్లగా పోవుచుండును. కొంతసేపటికి అది యాగిపోయి, మబ్బు క్రిందినుండి చల్లని గాలి విసురుగా మనమీదికి వచ్చును. అప్పుడు రెక్క ఒక్కసారిగా గిఱ్ఱున వెనుకకు తిరుగును. వాన, పిడుగు, వడగండ్లు కొద్ది నిమిషములలో వచ్చునని దాని భావము. కల్లమున ఆరబోసిన వడ్లకు పట్టాలు కప్పవలసిన సమయమదియే. చెట్టు క్రింద నిలువక ఇంటికి చేరవలసిన సమయమును అదియే.

రెండవ గుర్తు వర్షకాలమునకు సంబంధించినది. 1857 లో బైస్ బాలట్ అను హాలెండు పండితుడు ఒక సూత్రము చెప్పెను. మన భూగోళార్ధమున గాలికి వీపు చూపి నిలిచినచో, అల్పపీడనము మన యెడమచేతి వైపున నుండును. పడమటిగాలి బలముగా వీచినప్పుడు వీపు పడమటికి, ముఖము తూర్పునకు, ఎడమచేయి ఉత్తరమునకు. అనగా అల్పపీడనము మనకు ఉత్తరమున నున్నదన్నమాట. తూర్పుగాలి వీచినచో అది దక్షిణమున నున్నది. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండ మెటు నడచుచున్నదో ఆకాశవాణిలో వినినప్పుడు, మీ యూరి రెక్కను చూచి ఆ వార్తను సరిపోల్చుకొనవచ్చును. గుట్టల నడుమ ఈ సూత్రము కొంత తప్పవచ్చును గాన దీనినే నమ్మి, వాతావరణ శాఖవారి హెచ్చరికను త్రోసిపుచ్చరాదు.

ఇక మూడవ విధమగు త్రిప్పు రెక్కను గూర్చి సంగ్రహముగా చెప్పెదను. గాలిరెక్క గాలికి ఎదురుగా నిలిచి ఊరకుండును. అదే రెక్కను కొంచెము వాలుగా ఇరుసునకు బిగించినచో గాలి దానిని ఆగకుండ త్రిప్పును, అది గాలిమర. గాలి వేగము రెట్టింపైనచో దానివలన లభించు శక్తి ఎనిమిది రెట్లగును. అందుచేతనే గాలిమరలకు గాలి బలముగా వీచు కొండనెత్తములను వెదకుదురు. అనంతపురము ప్రాంతమున రామగిరి కొండలపై 1990వ దశకమున అవి నెలకొన్నవి. మన ప్రాంతమున రెక్కను త్రిప్పునది ఎక్కువగా నీరు, ఆవిరి. శ్రీరామసాగరము వద్ద గోదావరి నీరు రెక్కల చక్రమును త్రిప్పి విద్యుత్తు నిచ్చును. రామగుండమున బొగ్గుచే కాచిన నీటియావిరి రెక్కల వరుసలను నిమిషమునకు 3000 మాఱులు త్రిప్పుచున్నది. అచ్చట కదలని రెక్కలు ఆవిరికి త్రోవ చూపును. కదలు రెక్కలు దాని బలమును గ్రహించును.

పంపులో ఈ పని తలక్రిందులగును. విద్యుత్తు రెక్కలను త్రిప్పును, రెక్కలు నీటిని నెట్టును. రామడుగు మండలము లక్ష్మీపురము వద్ద భూగర్భమున 2019 లో నెలకొల్పిన పంపులు ఏడు. ఒక్కొక్కదాని మోటారు 139 మెగావాట్లది. మీ బావిలోని అయిదు గుఱ్ఱపు బలముల పంపును అదే సూత్రముచే పనిచేయును. నీరు తగ్గినప్పుడు రెక్కలను తలచుకొనుడు. ఇసుక నీటితో వచ్చుచున్నచో రెక్కలు అరిగిపోవును. మరమ్మతు పిమ్మట మోటారు మ్రోగుచున్నను నీరు చాలకున్నచో, తీగెలు తాఱుమాఱై రెక్కలు వెనుకకు తిరుగుచుండవచ్చును. మూడు తీగెలలో రెండింటిని మార్చినచో సరియగును. ఆ పనిని తెలిసినవానిచేతనే, విద్యుత్తు నిలిపిన పిమ్మటనే చేయింపవలయును.

పెద్దలారా! ఊరికి గాలిరెక్క నిలుపుట కష్టమైన పని కాదు. సన్నని యినుప కడ్డి యొకటి, మూరెడు పొడవు. దాని యొక చివర వెడల్పయిన రేకు తోక. రెండవ చివర చిన్న మొన. తోక వెడల్పు మొన వెడల్పునకు నాలుగయిదు రెట్లుండవలయును. తోక బరువునకు సరిపోవునట్లు మొనవైపున కొంచెము సీసముగాని, ఇనుపబిళ్లగాని తగిలింపవలయును. కడ్డిని వ్రేలిమీద నిలిపినప్పుడు ఏ చోట త్రాసువలె సమముగా నిలుచునో, ఆ చోటనే ఇరుసు ఉంచవలయును. బరువు ఇరువైపుల సమానము, వెడల్పు అసమానము, ఇదియే దీని రహస్యము. వెడల్పు కూడ సమానమైనచో రెక్క యెటును తిరుగక నిలుచును. ఇరుసునకు పాత సైకిలు చక్రపు గుండ్లు చాలును. ఏడాదికి రెండుమాఱులు నూనె వేయవలయును.

నిలుపు చోటు బయలుగా నుండవలయును. దగ్గరలో చెట్టుగాని మేడగాని యున్నచో దాని యెత్తునకు పదిరెట్ల దూరమున నిలుపుట మంచిది. స్తంభము క్రింద నాలుగు దిక్కుల గుర్తులు పెట్టవలయును. దిక్కు తెలియుటకు పూర్వుల శంకుపద్ధతియే చాలును. నేలను సమము చేసి, నడుమ నిలువుగా శంకువు నాటి, దాని చుట్టు వృత్తము గీయుడు. ఉదయమున శంకువు నీడకొన వృత్తమును తాకిన చోటును, సాయంకాలము తాకిన చోటును గుర్తించి కలిపినచో ఆ గీత తూర్పు పడమరలు చూపును. మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరముగా పడునని మాత్రము నమ్మకుడు. మన ప్రాంతమున మే నెల నడిమినుండి జూలై చివరివఱకు సూర్యుడు మధ్యాహ్నమున మన నడినెత్తికిగాని, దానికి ఉత్తరముగా గాని యుండును. నీడ దక్షిణమునకు పడును. రాత్రివేళ ధ్రువనక్షత్రమును చూచి సరిచూచుకొనవచ్చును.

రెక్కను పంచాయతి కచేరి ముందో, ధాన్యము ఆరబోయు కల్లము వద్దనో నిలుపుడు. బడిపిల్లలచేత ఉదయము, సాయంకాలము గాలిదిక్కును ఒక పుస్తకమున వ్రాయింపుడు. రెండు మూడేండ్లు గడచినచో మీ యూరి గాలి యే నెలలో ఎటు వీచునో, ఎప్పుడు మాఱునో, మీ యూరివారే చెప్పగలరు. మందు చల్లబోవు యువకునితో "నాయనా, రెక్క చూచితివా?" అని యడుగుడు. చేనికి నిప్పు పెట్టబోవువానితో అదే మాట యడుగుడు. అతడు రెక్కను చూచి, గాలికి తగినట్లు చేనిలో నడచి, సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరినచో ఆ రేకు ముక్కకు పెట్టిన ఖర్చు ఒక్కనాటనే తీరినదని నా నమ్మకము.